మందు పుట్టిన నేలపై మందుకు లొంగని క్రిమి

మనిషి వాడే మందులన్నింటిలో యాంటీబయాటిక్‌ది ప్రత్యేకమైన స్థానం. రక్తపోటు బిళ్లను పక్కింటివారు ఎన్నేళ్లు మింగినా అది ఈ ఇంటివారికి పనిచేయడం మానదు. ఇన్సులిన్ ఎంతమందికి ఎక్కించినా దాని గుణం తరగదు. బ్యాక్టీరియాను చంపడానికో, దాని పెరుగుదలను ఆపడానికో ఇచ్చే యాంటీబయాటిక్ సంగతి వేరు. అది ఎవరి ఒంట్లోకి వెళ్లినా, ఏ కోడి మేతలో కలిసినా, ఏ వాగులో పారినా, అక్కడున్న బ్యాక్టీరియాలో తట్టుకోలేనివాటిని తుడిచిపెట్టి తట్టుకోగలిగినవాటిని మిగులుస్తుంది. అలా మిగిలినవి పెరిగి, ఊళ్లు దాటి, ఆ మందును ఎన్నడూ వాడని మనిషికి కూడా అది అక్కరకు రాకుండా చేస్తాయి. దీన్నే యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. ఎక్కువ మందులు వాడితే ఒంటికి అలవాటు పడిపోతాయని ఊళ్లలో అనుకునే మాట సరికాదు, ఎందుకంటే నిరోధకత వచ్చేది మనిషికి కాదు, బ్యాక్టీరియాకు. అందుకే ఒకరు చేసిన పొరపాటుకు మరొకరు, చాలాసార్లు అప్పుడే పుట్టిన పసికందు, మూల్యం చెల్లించవలసి వస్తోంది.

ఈ మూల్యాన్ని లెక్కగట్టే విస్తృతమైన ప్రయత్నం 2022లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది నిరోధకత మూలంగానే, అంటే మందు పనిచేసి ఉంటే దక్కవలసినవారే, చనిపోయారని ఆ అధ్యయనం అంచనా వేసింది. అదే ఏడాది ఎయిడ్స్ వల్ల గాని, మలేరియా వల్ల గాని అంతమంది చనిపోలేదు. నిరోధక బ్యాక్టీరియా సోకి ఉండగా సంభవించిన మరణాలన్నీ కలిపితే ఆ సంఖ్య 49 లక్షల 50 వేలకు చేరుతుంది. భారతదేశం వరకు చూస్తే ఈ అంచనాలు వరసగా సుమారు 3 లక్షలు, 10 లక్షల పైచిలుకు. ఇప్పటి తీరే కొనసాగితే 2025 నుంచి 2050 వరకు 3 కోట్ల 90 లక్షల మంది నేరుగా దీనివల్లే చనిపోతారని 2024లో వెలువడిన మరో అధ్యయనం లెక్కగట్టింది.

తెలుగు పాఠకుడు దీన్ని ఎక్కడో జరుగుతున్న ఉపద్రవంగా చూడడానికి వీల్లేదు. యాంటీబయాటిక్ చరిత్రలోని ఒక గొప్ప అధ్యాయానికి తెలుగువాడు సారథి. ప్రపంచానికి చవకగా యాంటీబయాటిక్‌లు అందించే నగరాల్లో హైదరాబాద్ ముఖ్యమైనది. ఆ మందులు వాగులో కలిస్తే ఏమవుతుందో లోకానికి మొదటిసారి అంకెలతో తెలిసింది కూడా ఆ నగర శివార్లలోనే.

పురి విప్పే ఎంజైమ్

నిరోధకత ఎలా పుడుతుందో తెలియాలంటే ఒక్క మందునైనా దగ్గరగా చూడాలి. టైఫాయిడ్‌కూ, మూత్రనాళ వ్యాధులకూ, విరేచనాలకూ దశాబ్దాలుగా వాడుతున్న సిప్రోఫ్లాక్సాసిన్ అందుకు తగినది. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో ఐదువందలవ వంతు మాత్రమే. దాని లోపల చుట్టలు చుట్టుకుని ఉన్న డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే మిల్లీమీటరున్నర ఉంటుంది. బ్యాక్టీరియా రెండుగా చీలే ముందు ఆ దారానికి నకలు తీయాలి, నకలు తీస్తున్నకొద్దీ, నులక పేనేటప్పుడు పురి ఎక్కువైన తాడు మెలికలు పడినట్టే, అదీ మెలికలు పడుతుంది. ఆ పురిని విప్పడానికి గైరేజ్ అనే ఎంజైమ్, అంటే కణంలో ఒక నిర్దిష్టమైన పని చేసే ప్రోటీన్, దారాన్ని క్షణకాలం తెంచి, పురి విప్పి, మళ్లీ అతికిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా దారం తెగి ఉన్న క్షణంలో వెళ్లి ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. తెగినది అతకదు, బ్యాక్టీరియా చనిపోతుంది.

అయితే గైరేజ్‌ను తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం తారుమారైతే చాలు, మందు పట్టు సడలుతుంది. అనుకూలమైన చోట ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది కనుక, ఒక్క కణం పది గంటల్లో వంద కోట్లు దాటుతుంది. అన్ని కోట్లలో అలాంటి తారుమారు ఎక్కడో ఒకచోట జరగడం ఆశ్చర్యం కాదు. మందు లేనిచోట ఆ ఒక్కటి గుంపులో కలిసిపోతుంది, మందు ఉన్నచోట మాత్రం అదొక్కటే మిగిలి, ఖాళీ అయిన చోటునంతా ఆక్రమిస్తుంది. ఇవి చాలవన్నట్టు బ్యాక్టీరియాకు మరిన్ని ఉపాయాలు ఉన్నాయి: కొన్ని మందును ముక్కలు చేసే ఎంజైమ్‌లను తయారుచేసుకుంటాయి, కొన్ని లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడిపోస్తాయి, కొన్ని మందు ప్రవేశించే ద్వారాలనే మూసుకుంటాయి.

ఇంతకంటే ఆందోళన కలిగించేది ఆ ఉపాయాలు చేతులు మారే తీరు. బ్యాక్టీరియాలో ప్రధాన డీఎన్ఏతో పాటు ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్ఏ వలయాలు ఉంటాయి, ఒక బ్యాక్టీరియా తన ప్లాస్మిడ్‌కు నకలు తీసి పక్కనున్న బ్యాక్టీరియాకు, అది వేరే జాతిదైనా సరే, అందించగలదు. 1950లలో జపాన్‌లో జిగట విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోవడానికి కారణం వెతికిన శాస్త్రవేత్తలు ఈ సంగతిని గుర్తించారు. నిరోధకత తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తిలా మాత్రమే కాక, వీధిలో ఒకరి నుంచి ఒకరికి పాకే వార్తలా కూడా వ్యాపిస్తుందని తేలడంతో, ఒక్కో రోగిని విడిగా చూసే వైద్యం దీనికి సరిపోదని స్పష్టమైంది. రోగి పేగులు, ఆసుపత్రి మురుగు, కోళ్ల ఫారం, వాగు అడుగున బురద, ఇవన్నీ ఒకే వీధిలోని ఇళ్లు.

బంగారు రంగు మందు

పెన్సిలిన్‌ను 1928లో గుర్తించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ పురస్కారం అందుకుంటూ చేసిన ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదులో వాడితే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా పోతుందని హెచ్చరించాడు. ఆ రోజుల్లోనే అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి డైరెక్టర్‌గా ఉన్నవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నాయకత్వంలో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, మిస్సోరీలోని ఒక ప్రయోగ క్షేత్రం మట్టిలో దొరికిన, బూజులా తీగలు సాగే ఒక బ్యాక్టీరియా నుంచి పసిడి రంగు మందును వేరుచేశాడు; ఆ రంగును బట్టే దానికి ఆరియోమైసిన్ అని పేరు వచ్చింది. ఎన్నో రకాల బ్యాక్టీరియాపై పనిచేసే టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అది లోకానికి వెల్లడైన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ కథకు తరువాయి భాగం తెలుగులో అంతగా ప్రచారంలో లేదు. అదే ప్రయోగశాలలోని పోషకాహార పరిశోధకులు, మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూసినప్పుడు, అవి మామూలు పిల్లలకంటే త్వరగా బరువెక్కడం గమనించారు. 1950లో ఆ ఫలితం వెల్లడైంది. పిప్పిలో మిగిలిన కొద్దిపాటి యాంటీబయాటిక్కే అందుకు కారణమని తేలడంతో, జబ్బు లేని జంతువుకు, అదీ బ్యాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ మోతాదులో, రోజూ మందు పెట్టే అలవాటు ప్రపంచమంతా పాకింది. ఫ్లెమింగ్ వద్దన్నది సరిగ్గా దాన్నే. ఐరోపా సమాఖ్య బరువు పెంచడానికి యాంటీబయాటిక్ వాడకాన్ని 2006లో పూర్తిగా నిషేధించింది. భారతదేశం కొలిస్టిన్ అనే మందును పశువులకూ, కోళ్లకూ, చేపలకూ వాడకూడదని 2019 జులైలో ఆదేశించింది. మూత్రపిండాలకు హాని చేస్తుందని వైద్యులు ఒకప్పుడు పక్కనబెట్టిన ఆ పాత మందు, మిగిలినవన్నీ విఫలమైన రోగికి ఇప్పుడు ఆఖరి ఆధారం. దానికి కూడా లొంగని గుణాన్ని ప్లాస్మిడ్ మీద మోసుకుతిరిగే జన్యువును 2015లో చైనాలో పందుల్లో, మాంసంలో, మనుషుల్లో కనుగొన్నాక గాని ఈ నిషేధం రాలేదు.

గుడ్ల ఉత్పత్తిలోనూ, రొయ్యల సాగులోనూ దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది కనుక ఈ సంగతి ఇక్కడి రైతుకు నేరుగా తగులుతుంది. రొయ్యల్లో నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాలు పదేపదే కనబడడంతో ఐరోపా సమాఖ్య 2016లో, భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. విదేశీ కొనుగోలుదారు కోసం జరిగే ఈ పరీక్ష స్థానిక సంతలో కొనేవారి కోసం అంత కట్టుదిట్టంగా జరగకపోవడం అన్యాయం.

నక్కవాగు నీళ్లు

బాలానగర్‌లో 1960లలో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మందుల కర్మాగారం రావడం, 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇవ్వడం, ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన నిపుణులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టడం, ఈ మూడూ కలిసి హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్ రాజధానిగా నిలబెట్టాయి. బల్క్ డ్రగ్ అంటే బిళ్లగానో సూదిమందుగానో మారకముందు డ్రమ్ముల్లో ఉండే అసలు మందు పొడి. ఈ పరిశ్రమ వల్ల పేద దేశాల్లోని కోట్లాది రోగులకు మందు అందుబాటు ధరలోకి వచ్చిందన్నది కాదనలేని మేలు. ఆ మేలుకు పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి పరిసర గ్రామాలు తమ చెరువులతో, బావులతో వెల కట్టాయన్నదీ అంతే నిజం. ఆ కాలుష్యంపై సుప్రీంకోర్టులో 1990లోనే ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది.

అప్పటిదాకా ఫిర్యాదులన్నీ కంపు గురించి, నురగ గురించి, చచ్చిన చేపల గురించి, పండని పొలాల గురించి. 2006 నవంబరులో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం వేరే ప్రశ్నతో వచ్చింది: ఆ నీళ్లలో మందు ఎంత ఉంది? సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థ జలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి, శుద్ధి పూర్తయి వాగులోకి వెళ్లే నీటిని వరసగా రెండు రోజులు సేకరించి పరీక్షించగా, లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. ఆ అంకె ఎంతటిదో ఒక పోలిక చెబుతుంది: 500 మిల్లీగ్రాముల బిళ్ల మింగిన రోగి రక్తంలో ఆ మందు అత్యధికంగా ఉండే వేళ కూడా లీటరుకు రెండు, మూడు మిల్లీగ్రాములే. రోగి రక్తంలో ఉండేదానికి పది రెట్లు మందు, ఎవరికీ జబ్బు నయం చేయకుండా, వాగులో పారింది. ఒక్క రోజులో అలా పోయిన మందు సుమారు 45 కిలోలని ఆ బృందం లెక్కగట్టింది, బిళ్లల్లో చెప్పాలంటే 90 వేల బిళ్లలు. 2007లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు, ప్రపంచంలో అంతవరకు ఏ మురుగునీటిలోనూ అంత మోతాదు నమోదు కాలేదు.

శుద్ధి కేంద్రంలో వ్యర్థాలను తిని నీటిని తేటపరచేది బ్యాక్టీరియానే. ఆ పని బాగా సాగడానికి మందుల వ్యర్థాల్లో మనుషుల మురుగును కూడా కలిపేవారు. అంటే మనిషి పేగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియాను, నెలల తరబడి, అత్యధిక మోతాదు యాంటీబయాటిక్‌లో నానబెట్టి, అందులో బతికి బట్టకట్టినవాటిని వాగులోకి వదిలినట్టయింది. పెన్సిలిన్ వంటి మందులకు ప్రకృతిలో మూలం ఉంది, సిప్రోఫ్లాక్సాసిన్ పూర్తిగా మనిషి కూర్చిన అణువు కనుక మట్టిలో, బురదలో పట్టుకుని చాలాకాలం ఉండిపోతుంది. 2009లో అదే ప్రాంతంపై వెలువడిన అధ్యయనం ఒక చెరువులో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్‌నూ, ఆరు గ్రామాల బావి నీళ్లలో మందుల ఆనవాళ్లనూ కనుగొంది. 2011లో వెలువడిన మరో అధ్యయనంలో, వాగు అడుగు బురదను పరీక్షించినవారు, కేంద్రానికి దిగువన నిరోధక జన్యువులూ, వాటిని మోసే ప్లాస్మిడ్‌లూ అసాధారణంగా పేరుకున్నాయని చూపించారు. ఆ నీళ్లు చేరే నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. కాలక్రమంలో కేంద్రం నీటిని వాగులోకి కాక గొట్టాల ద్వారా నగర మురుగు వ్యవస్థకు, అక్కడి నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. చాలా సంస్థలు చుక్క నీరు బయటికి రాకుండా ఆవిరి చేసే యంత్రాలు పెట్టుకున్నాయి. మొదటి మార్పు సమస్యను మంజీర నుంచి మూసీకి తరలించింది. రెండోది నిజమైన పరిష్కారమే గాని, ఆ యంత్రాలు రాత్రింబవళ్లు నడుస్తున్నాయో లేదో చూసే కన్ను ఉన్నంతవరకే.

రెండు హైదరాబాదులు

టైఫాయిడ్ చరిత్ర చదివితే ఒక్కో మందు చేజారిన తీరు వరసగా కనబడుతుంది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి ఆ జ్వరాన్ని మరణశాసనం కాకుండా చేసింది. 1972 నాటికి కేరళలోని కోజికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ ప్రబలింది. 1980ల చివరికి క్లోరాంఫెనికాల్‌తో సహా మూడు పాత మందులు చెల్లకుండా పోయాయి. ఆ స్థానంలో వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ కూడా భారతదేశంలో కొన్నేళ్లకే పట్టు కోల్పోయింది. వైద్యులు సెఫ్ట్రియాక్సోన్ సూదికి మళ్లారు. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో ఆ సూదికి కూడా లొంగని టైఫాయిడ్ బయటపడింది. జన్యువులను చదివిన శాస్త్రవేత్తలకు కారణం స్పష్టంగా దొరికింది: టైఫాయిడ్ బ్యాక్టీరియా ఈ.కోలైలో కనబడే ఒక ప్లాస్మిడ్‌ను సంపాదించుకుంది. నోటితో తీసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది.

ఆ హైదరాబాద్‌కు సాయం ఈ హైదరాబాద్ నుంచి వెళ్లింది. నగరంలోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను, అంటే క్రిమి పైపొరలోని చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కు జోడించి పసిపిల్లల్లో కూడా పనిచేసేలా మలచిన టీకాను, 2018లో సింధ్ హైదరాబాద్‌లో పిల్లలకు వేశారు. మందులకు లొంగని టైఫాయిడ్‌ను అది దాదాపు 97 శాతం నివారించిందని అక్కడి అధ్యయనం తేల్చింది. 2019 నవంబరులో ఆ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చిన మొదటి దేశంగా పాకిస్తాన్ నిలిచింది. రాని జబ్బుకు మందు అక్కర్లేదు, వాడని మందుకు నిరోధకత పుట్టదు.

తెలుగు జిల్లాల్లో జరుగుతున్నది ఇందుకు దాదాపు వ్యతిరేకం. జ్వరం వచ్చిన రెండో రోజునే వైడాల్ పరీక్ష చేయించి, చీటీ మీద ఏదో ఒక అంకె కనబడగానే టైఫాయిడ్ అని తేల్చి, సూదులు మొదలుపెట్టడం చిన్న పట్టణాల్లో మామూలైపోయింది. ఆ పరీక్ష పాత జబ్బుకూ, వేరే జబ్బుకూ కూడా టైఫాయిడ్ ఉన్నట్టే చూపగలదు. నమ్మదగినది రక్తాన్ని కల్చర్ చేయడం, అంటే రోగి రక్తాన్ని పోషకాలున్న సీసాలో ఉంచి, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడడం. పెరిగితే దాన్ని గాజు పళ్లెంలోని పోషక పొర మీద పరిచి, ఒక్కో యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్లలను అక్కడక్కడా ఉంచుతారు. మరునాటికి పళ్లెమంతా మసకగా బ్యాక్టీరియా అలుముకుని ఉంటుంది, పనిచేసే మందు చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. వలయం లేని బిళ్ల ఆ రోగికి పనికిరాదని అర్థం. రెండు, మూడు రోజులు పట్టే ఈ పరీక్ష ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ మొదటి మోతాదు ఇచ్చేలోపు రక్తం తీసుకుని మొదలుపెట్టగలిగితే ఎన్నో అనవసరపు సూదులు తప్పుతాయి.

జలుబు, చాలా రకాల గొంతునొప్పి, దగ్గు వైరస్‌ల వల్ల వస్తాయి, వాటిపై యాంటీబయాటిక్ ఏమీ చేయదు. అయినా ఆర్‌ఎంపీ దగ్గరో, మెడికల్ షాపులోనో మూడు అజిత్రోమైసిన్ బిళ్లలు చేతిలో పడతాయి. 2019లో దేశంలో ప్రైవేటు రంగంలో అత్యధికంగా అమ్ముడైన యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల బిళ్లే, సింధ్‌లో టైఫాయిడ్ రోగికి మిగిలిన ఆఖరి బిళ్ల కూడా అదే. అమ్మినవారినీ కొన్నవారినీ నిందించి ఊరుకోవడం తేలిక. రోజు కూలి పోగొట్టుకుని డాక్టర్ కోసం పట్టణం వెళ్లలేని మనిషికి దగ్గర్లో వేరే దారి చూపనంతకాలం ఆ నిందలో న్యాయం తక్కువ.

పెద్దాసుపత్రుల్లో పరిస్థితి మరింత తీవ్రం. తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు దాచిపెట్టుకున్న కార్బాపెనెమ్ వర్గపు మందుల్లో ఒకటైన ఇమిపెనెమ్‌కు ఈ.కోలై లొంగే శాతం, భారత వైద్య పరిశోధన మండలి నిఘా కేంద్రాల లెక్కల్లో, 2017లో 80 పైన ఉండగా 2023 నాటికి 60 పైచిలుకుకు పడిపోయింది. కొత్త మందు వస్తుందిలే అన్న ధీమాకు ఆధారం లేదు: అమెరికాలో 2018లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు అనుమతి సాధించిన అకేయోజెన్ కంపెనీ 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. అత్యవసరానికే వాడవలసిన మందు ఎక్కువగా అమ్ముడుపోకూడదు, అమ్ముడుపోని మందును కనిపెట్టడానికి వ్యాపారి పెట్టుబడి పెట్టడు.

రాయవలసిన అంకె

వాడకాన్ని తగ్గించడానికి ఎన్నో వర్గాల అలవాట్లు మారాలి. కర్మాగారం కాలువలోని మందును తగ్గించడానికి మాత్రం ఒక్క చట్టబద్ధమైన అంకె చాలు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ప్రకటించిన ముసాయిదాలో, బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థ జలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో ఒక పట్టిక ఉంది. 2021 ఆగస్టులో వెలువడిన తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక లేదు. ఇది ఈ మొత్తం కథలో అత్యంత విచారకరమైన నిర్ణయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ కర్మాగారాల వ్యర్థ జలాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది కనుక, ఏ అంకె రాయాలో తెలియదన్న సాకు కూడా ఇప్పుడు మిగల్లేదు. ఢిల్లీ తిరిగి ఎప్పుడు రాస్తుందో చూస్తూ కూర్చోవలసిన అవసరమూ లేదు. తమ పరిధిలోని వ్యర్థ జలాలకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని 1974 నాటి నీటి కాలుష్య నియంత్రణ చట్టం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకే ఇచ్చింది. పటాన్‌చెరు ఉన్న తెలంగాణ, మందుల కర్మాగారాలకు నెలవైన పరవాడ ఉన్న ఆంధ్రప్రదేశ్ ఆ అధికారాన్ని వాడి, ప్రతి యాంటీబయాటిక్‌కు ఒక పరిమితి రాసి, కాలువల్లో కొలిచిన అంకెలను నెలనెలా ప్రజల ముందు ఉంచాలి.